బ్రాకెట్లు చూపిన సాయంత్రాలు

నా భార్య పోయింది. దవాఖాన నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఆమెకు ఉతికిన చీర తీసుకుపోవడానికి హన్మకొండలో ఇంటికి వచ్చి ఉన్నాను. చీర బ్యాగులో పెట్టుకునే వెళ్లాను. ఆమె దగ్గర ఇంజనీరింగ్ చదివినవాళ్లు కబురు తెలియక ఇంకా ఇంటికి ఫోన్ చేస్తున్నారు. ఒక్కొక్కరికీ చెప్పడం నాకు చేతకావడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె కాలేజీలో ప్రోగ్రామింగ్ చెప్పేది. నాది బట్టల దుకాణం. డిగ్రీ చదివాను కానీ ఆమె పని నాకు అర్థమయ్యేది కాదు. విద్యార్థులు రాసిన ప్రోగ్రాములు ఇంటికి తెచ్చుకుని సాయంత్రాలు కంప్యూటర్‌లో దిద్దేది. పక్కన టీ చల్లారిపోయేది. ఆ చల్లారిన టీనే తాగేది, వేడి చేయనిచ్చేది కాదు.

షుగర్ వల్ల ఆమెకు చూపు మందగించింది. ప్రోగ్రాములో తెరిచిన ప్రతి బ్రాకెట్‌నూ ఎక్కడో ఒకచోట మూయాలి. ఒకదాని పక్కన కర్సర్ పెడితే, దాన్ని మూసే జత చుట్టూ తెర మీద సన్నని బూడిదరంగు గీత వస్తుంది. ఆ గీత ఆమెకు కనిపించకుండా పోయింది. అది కనిపించకపోతే దిద్దలేదు. దిద్దలేకపోతే ఉద్యోగం మానుకోవాలి. కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. నన్ను పిలిచింది.

"ఏమండి, జర ఇట్ల కూసోండ్రి. ఇది ఏడ మూసుకుంటదో సూపియ్యుండ్రి."

మొదటి రోజు గీత చూడకుండా, దగ్గర్లో కనిపించిన బ్రాకెట్ మీద వేలు పెట్టాను.

"దగ్గరున్నదల్లా జత గాదు," అంది. "లోపల తెరిసినయన్ని మూసినంకనే ఇది మూసుకుంటది. గుడ్డ కొలిసినట్టు తొందర వడకుండ్రి."

"నా దుకాణంల ఎవ్వలు ఇన్ని తప్పులు తియ్యరు."

"మీ గిరాకీలు మంచోళ్లు."

అలా నాకొక పని దొరికింది. దుకాణం కట్టేసి వచ్చి, కాళ్లు కడుక్కుని ఆమె పక్కన కూర్చునేవాణ్ని. "ఈడ" అనేవాణ్ని. "ఆఁ" అనేది. మా మధ్య ఎప్పుడూ ఎక్కువ మాటలు లేవు. ఇన్నేళ్ల కాపురంలో అంతసేపు పక్కపక్కన కూర్చున్నది అప్పుడే.

ఒకరోజు ఆమె దగ్గర చదివిన ఒకమ్మాయి పలకరించడానికి వచ్చి మమ్మల్ని చూసింది.

"గిదానికి సార్‌ను కూసోవెట్టుకున్నరా మేడం?" అని నవ్వి, సెట్టింగుల్లో ఏదో మార్చింది. జత బ్రాకెట్లు చిక్కటి పసుపు రంగులో వెలిగాయి. "ఇగ మీకు ఛుట్టీ సార్."

ఉద్యోగం నిలిచిందని సంతోషించాను. మర్నాడు ముందు గదిలో పేపర్ పట్టుకుని కూర్చున్నాను. చదివిన వార్తే మళ్లీ చదివాను. లోపల మీటల చప్పుడు ఆగింది.

"ఏమండి. ఇది ఏడ మూసుకుంటది?"

వెళ్లాను. గుమ్మంలోంచే పసుపు కనిపించింది. ఆమెకూ కనిపిస్తోందని నాకు తెలుసు. కూర్చుని, వేలు పెట్టాను.

"ఈడ."

"ఆఁ."

దవాఖానలో చేరేదాకా రోజూ పిలిచింది. రంగు సంగతి ఇద్దరం ఎత్తలేదు. థ్యాంక్స్ చెప్పుకునే అలవాటు మా ఇంట్లో లేదు. ఇక్కడ చెబుతున్నాను.

ఇప్పుడు సాయంత్రాలు కంప్యూటర్ నేనే తెరుస్తున్నాను. ఆమె కుర్చీలో కాదు, నా కుర్చీలోనే కూర్చుంటాను. కర్సర్ జరిపితే బ్రాకెట్లు జంటలుగా వెలుగుతాయి. నేను చూపించాల్సింది ఏమీ లేదు. నిన్న ఒకదాని మీద వేలు పెట్టి, పైకే "ఈడ" అన్నాను. కాసేపటికి తెర దానంతటదే ఆరిపోయింది. వేలు అక్కడే ఉంది.