కింది అంకె టీచరు

నర్సింగ్ స్కూల్లో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఎదురుగా ఉంటే టీచర్. వెనక్కి తిరిగితే కింది అంకె. ఎవరు ఏ సంఖ్య చెప్పినా ఆమె అడిగేది ఒకటే, కింది అంకె ఎంత అని. హాస్టల్లో పదిమందికి విరేచనాలంటే ఎంతమందిలో పదిమంది అంటుంది. మన పిల్లలు ముప్ఫైమందికి ఫస్ట్ క్లాసు అని ప్రిన్సిపాల్ మైకులో చెబుతుంటే ముందు వరుసలో కూర్చుని అదే ప్రశ్న. ఇంట్లో అత్తగారికీ మినహాయింపు లేదు. రెండు మాత్రలు మింగానని ఆవిడ చెబితే, మింగాల్సినవి ఎన్ని అని అడిగిందట ఒకసారి. "నా కొడుకు పోతూ పోతూ నన్ను నీకు అప్పజెప్పింది చూసుకోమని, లెక్క అడగమని కాదు" అని ఆ పెద్దావిడ రెండు రోజులు మాట మానేసింది.

ఈ అలవాటు ప్రసూతి వార్డులో అంటుకుంది. ఆ రోజుల్లో ఆమె జూనియర్ నర్సు. కిందటి నెల ఐదుగురు బాలింతలు పోయారు, ఈ నెల ఇద్దరే అని పెద్ద డాక్టరు అందరినీ పిలిచి తన భుజం తానే చరుచుకున్నాడు. ఆమె చేతి తొడుగులు విప్పుకుంటూ, కాన్పులెన్ని సార్ అంది. కిందటి నెల రెండు వందలు. ఈ నెల గోడలకు సున్నం వేయడానికి సగం వార్డు మూసేశారు, అరవై. వారం తిరక్కుండా ఆమెను కాలిన గాయాల వార్డుకు తోసేశారు. అంకెకు అబద్ధం రాదని, దాని కింద ఉన్నది దాచిపెట్టేవాడికే వస్తుందని అక్కడ కట్లు కడుతూ అనుకుంది. ఇరవై రెండేళ్ళు వార్డుల్లో గడిపి, నడుం మొరాయించాక పాఠాలు చెప్పడానికి వచ్చింది. వచ్చి పదకొండేళ్ళు.

ఈ ఏడు ఫైనలియర్లో నలభైమంది. వాళ్ళకు పడిన పని లైను కాలనీలో కామెర్ల సర్వే. నూలు మిల్లు కూలీల ఇళ్ళు, మూడు వందల అరవై. ఒకే పైపు, ఒకే నీళ్ళు. కాలనీలో కళ్ళు పచ్చబడుతున్నాయన్న మాట ఆరోగ్య శాఖ ఆఫీసు దాకా పోయింది. అక్కడి ఆఫీసరు సర్వేకి సొంత మనుషుల్ని పంపలేదు. నర్సింగ్ స్కూలుకు ఫోన్ చేశాడు. జీతం ఇవ్వక్కర్లేని చేతులు ఎనభై అక్కడున్నాయి కదా. ఇరవై ఇళ్ళలో ఒకటంటే ఈ కాలంలో మామూలే, అంతకు మించితే పైపు సంగతి చూస్తాం అన్నాడు. మించదని ముందే తెలిసినవాడిలా అన్నాడు. ప్రిన్సిపాల్‌కు ఆయన మాట శిరోధార్యం. పిల్లలు ఏ ఆసుపత్రిలో పని నేర్చుకోవాలన్నా ఆయన సంతకం కావాలి. పిల్లల్ని తిప్పే బస్సు మిల్లువాళ్ళది.

మూడిళ్ళకు ఒక ఇల్లు చొప్పున నూట ఇరవై ఇళ్ళు. సోమవారం మొదలుపెట్టి బుధవారానికి ముగించారు. గురువారం పొద్దున్నే క్లాసు లీడరు ఫారాల కట్ట తెచ్చి బల్ల మీద పడేసింది. ఎముకల గూడులాంటి పొడుగాటి పిల్ల, మాటకు మాట అప్పజెబుతుందని అందరూ లాయరు అంటారు. నూట ఇరవైకి నూట ఇరవై పూర్తి. కామెర్లున్న ఇళ్ళు నాలుగు.

టీచరు కట్ట విప్పింది. పది ఫారాలు తిప్పింది, ఇరవై తిప్పింది. జవాబు చెప్పినవాళ్ళంతా ముసలివాళ్ళూ చంటిపిల్లల తల్లులూ. మిల్లులో పనికి రానిచ్చే పాసున్న మనిషి ఒక్కరూ లేరు. మిల్లు కాలనీలో మిల్లు మనుషులు లేని సర్వే. నూట ఇరవై తలుపులు కొడితే ఒక్కటీ తాళం వేసి లేదా అని ఆమె గొంతు పెంచింది. ఎండకు భయపడి చెట్టుకింద కూర్చుని రాశారా అంది. మీ చేతుల్లో మందు సీసా పెట్టడం కూడా పాపమే అంది. అనాల్సినవి, అనకూడనివి అన్నీ అంది.

లాయరు సంచిలోంచి నోట్సు తీసి, పేజీ తిప్పి ముందుంచింది. ఇల్లు మూసి ఉన్నచో పక్క ఇంటికి వెళ్ళవలెను. కింద ఎర్ర సిరాతో గీత. గీత పెట్టించిందీ టీచరే.

"మీరు చెప్పి రాయించిందే టీచర్. తాళాలు నలభై ఏడు. నలభై ఏడు సార్లు పక్కింటికి వెళ్ళాం. ఇప్పుడు దొంగలం మేమా?"

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

ఆమెకు గుర్తుంది. పాఠాలు మొదలుపెట్టిన ఏడు బస్సు పన్నెండింటికల్లా తిరిగిపోయేది, ఖాళీ ఫారం కనబడితే ప్రిన్సిపాల్ మండిపడేవాడు. పని గట్టెక్కితే చాలని రాయించిన వాక్యం అది. మరుసటేడు పాత నోట్సులోంచి మళ్ళీ అదే. పగలు పనికిపోయేవాళ్ళ ఇల్లు పగలు మూసే ఉంటుందని, పక్కిల్లు దానికి బదులు కాదని ఆలోచించలేదు. లోకంలో అందరి కింది అంకెలూ తవ్విన మనిషి తన పాఠం కింద ఏముందో పదకొండేళ్ళు చూసుకోలేదు. ఆ పేజీని అక్కడే అడ్డంగా కొట్టేసి, తప్పు నాది అంది. క్షమాపణలా లేదు, ఇంకో తిట్టులాగే ఉంది.

ప్రిన్సిపాల్ మళ్ళీ వెళ్ళడానికి ఒప్పుకోలేదు. సోమవారం ఆఫీసరుతో మీటింగు, నాలుగంటే నాలుగే, బస్సు ఇవ్వను అన్నాడు. సిటీ బస్సులున్నాయిగా అని ఆమె బయటికొచ్చింది. తొలి షిఫ్టు ఆరింటికి, అంతకు ముందే తలుపులు తట్టాలి, వచ్చేవాళ్ళు రండి అంటే తొమ్మిదిమంది లేచారు. లాయరు కూడా లేచింది, మీ మీద గౌరవంతో కాదని చెప్పి మరీ లేచింది.

శుక్రవారం తెల్లవారుజామున కాలనీలో స్వాగతం కడిగిన నీళ్ళతో దొరికింది. ఒకామె బిందె కడిగి ఆ నీళ్ళు సరిగ్గా వాళ్ళ కాళ్ళ ముందు కుమ్మరించింది. ఆరు తలుపులు మొహం మీదే పడ్డాయి. ఏడో తలుపుకు బయట తాళం, పక్కన సుద్దతో గీసిన సున్నా. తాళమున్న ఇళ్ళకు పిల్లలు పెట్టుకున్న గుర్తు అది. ఆ సున్నా లాయరు గీసిందే, సోమవారం. తలుపుకు అడ్డంగా ఒక మనిషి నిలబడి ఉంది. మిల్లులో కండెలకు నూలు చుట్టే ఆవిడ, కాలనీ మొత్తానికి కండెలక్క.

రెండేళ్ళ కిందట ఇలాగే తెల్లచీరలు వచ్చి, దగ్గుందా అమ్మా అని ఆప్యాయంగా రాసుకుపోయారని కండెలక్క చెప్పింది. వారానికల్లా దగ్గున్నవాళ్ళ పేర్లు మిల్లు గేటుకు అంటించారు. పదిహేడు మంది పాసులు పోయాయి. ఆ కాగితాలు ఎవరి బల్ల మీద నుంచి మిల్లుకు నడిచి వెళ్ళాయో టీచరుకు ఎవరూ చెప్పక్కర్లేదు. మిల్లువాళ్ళ బస్సు స్కూలుకు ఊరికే రాదు.

టీచరు ఫారాల మీద పేరు రాసే అంచును అక్కడే చింపింది. నలభై ఏడూ చింపింది. కండెలక్క కరగలేదు, చింపడం తేలికే అంది. అప్పుడు తాళం వెనక నుంచి ఎవరో వాంతి చేసుకుంటున్న చప్పుడు వినబడింది.

లాయరు తను గీసిన సున్నా వైపు చూసింది.

"నాకు పేరు చెప్పకు. లోపలున్న మనిషి కళ్ళు ఒక్కసారి చూడనివ్వు. ఆ తర్వాత ఎంతసేపైనా తిట్టు" అంది టీచరు.

కండెలక్క నడుముకున్న తాళంచెవి తీసింది. లోపల చాప మీద ఆమె చెల్లెలు, ఏడో నెల. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. ఈ రోజు ఏ వారమంటే చెప్పలేకపోయింది. జబ్బు సంగతి మిల్లుకు తెలిస్తే ఇద్దరి పాసులూ పోతాయని అక్కే తాళం వేసి పనికి పోతోంది. కడుపుతో ఉన్నవాళ్ళకు ఈ కామెర్లు ఎంత చెడ్డవో టీచరు వార్డులో చూసింది. వెంటనే ఆటో పిలిపించింది. చెల్లెల్ని ఎక్కించాక కండెలక్క ఆటో కడ్డీ పట్టుకుని ఆమె వైపు తిరిగింది.

"మీ కాగితంలో నీళ్ళు ఎక్కడివి అని ఉంది. ఎప్పటివి అని ఉందా?"

లేదు. రాత్రంతా పైపు ఖాళీగా ఉంటుంది, నాలుగున్నరకు వదులుతారు అని కండెలక్కే చెప్పింది. మొదటి అరగంట మురుగు కంపుతో వస్తాయి. షిఫ్టుకు పోయేవాళ్ళు అవే పట్టుకోవాలి. ఇంట్లో ఉండేవాళ్ళు ఎనిమిదింటికి తీరిగ్గా పట్టుకుంటారు, అప్పటికి తేటపడతాయి. తలుపు తీసి జవాబు చెప్పిన వాళ్ళంతా తేట నీళ్ళవాళ్ళే. లాయరు ఫారం తిప్పి, వెనకవైపు నీళ్ళు ఎప్పటివి అని స్కేలు లేకుండా ఇంకో గడి గీసింది.

శని, ఆదివారాలు కూడా తిరిగారు. ఆదివారం మిల్లు సెలవు. కొన్ని తలుపుల మీద సున్నా పక్కనే ఎవరో సుద్దతో, మధ్యాహ్నం ఉంటాం అని రాసి పెట్టారు. నలభై ఏడు తాళాల్లో నలభై ఒకటి తెరుచుకున్నాయి. వాటిలో పంతొమ్మిది ఇళ్ళలో కామెర్లు. మొదట్లోనే సరిగ్గా చేసిన డెబ్భై మూడు ఇళ్ళలో మూడు, నాలుగోది బదులుగా వెళ్ళిన పక్కిల్లు కాబట్టి తీసేశారు. మొత్తం నూట పద్నాలుగుకు ఇరవై రెండు. తెరుచుకోని ఆరిటి ఎదురుగా లాయరు సున్నా వేయబోతే టీచరు చెయ్యి పట్టుకుంది, తెలియదు అని రాయి అంది. నీళ్ళు ఏ వేళకు పడతారని అందరినీ మళ్ళీ అడిగారు. జబ్బున్న ఇరవై రెండిట్లో ఇరవై తొలి నీళ్ళ ఇళ్ళు. జబ్బు లేని తొంభై రెండిట్లో అలాంటివి పదిహేనే.

ఆదివారం సాయంత్రం ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. తల్లి నిలబడింది. బిడ్డ దక్కలేదు. సోమవారం ఆ తలుపు తెరిపించి ఉంటే అన్న మాట లాయరు పైకి అనలేదు. ఆ బిడ్డ పై అంకెలో లేదు, కింది అంకెలోనూ లేదు. ఇళ్ళు లెక్కపెట్టే ఫారంలో దానికి గడి లేదు. రిపోర్టు చివర టీచరు సంతకం కింద లాయరు తనది గట్టిగా పెట్టింది. మీ కోసం కాదు టీచర్, అంది.

మీటింగులో ప్రిన్సిపాల్ నాలుగు అని చదివాడు. టీచరు లేచి ఇరవై రెండు అంది. రెండో సర్వేకి అనుమతి లేదు కాబట్టి అది సర్వేనే కాదన్నాడు ఆఫీసరు. ఆమె కాగితం ఆయన ముందుకు తోసింది.

"సరే సార్. ఇది అందింది, చదివాను, వద్దన్నాను అని రాసి సంతకం పెట్టండి. రేపు ఇంకో బిడ్డ పోతే ఎవరిని అడగాలో కాలనీవాళ్ళకు తెలియాలి కదా."

ఆఫీసరు కలం మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. వద్దన్నానని సంతకం పెట్టే ధైర్యం అంత పెద్ద కుర్చీలోనూ లేదు. అందినట్టు మాత్రం పెట్టాడు. ఆ మధ్యాహ్నమే టీచరును పాఠాల నుంచి తప్పించి దుప్పట్ల స్టోరుకు వేశారు. దుప్పట్లెన్ని, మంచాలెన్ని అని ఆమె అక్కడ మొదటి రోజే అడిగింది.

ఆ సంతకం పడిన తొమ్మిదో రోజు కాలనీలో తవ్వారు. పైపు మురుగుకాల్వలోంచే పోతోంది, అతుకు దగ్గర నోరు తెరుచుకుని. కొత్త పైపు పడ్డాక ఒక తెల్లవారుజామున టీచరు కుళాయి దగ్గరికి వెళ్ళింది. కండెలక్క బిందెతో ఉంది. ఇంకా ఏం రాసుకోవాలి అంది. ఏమీ లేదు, తొలి నీళ్ళు చూసి పోదామని వచ్చానంది టీచరు.

కండెలక్క రమ్మనలేదు, పొమ్మనలేదు. కుళాయి తిప్పి, గాజు సీసాలో నీళ్ళు పట్టి, వెలుతురుకు ఎత్తి పట్టింది. ఇద్దరూ చాలాసేపు చూశారు. తేటగానే ఉన్నాయి. కండెలక్క ఆ నీళ్ళు నేల మీద పారబోసి, రెండో సీసా పట్టింది.