గట్టి గోడకే ఆమెన్

ఆదివారం పొద్దున్నే సబ్బు వాసన తగిలితే నాకు సువార్తమ్మ టీచరుగారు గుర్తొస్తారు. ఉంగుటూరులో మాకు సండే స్కూలు చెప్పింది ఆవిడే. బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాక, బైబిలు భాషలు పట్టుదలగా నేర్చుకున్నారు. సబ్బు అన్న మాట లాటిను దాటి పోర్చుగీసు ఓడలెక్కి వచ్చిందనీ, కలం గ్రీకువాళ్ళ రెల్లుపుల్ల అనీ ఆవిడ చెబుతుంటే, చేపల చెరువులున్న మా సంఘపెద్దగారికి దిగులు పట్టుకునేది.

“చేప కూడా బయటి మాటేనాండీ?”

“చేప మనదేనండీ. మీరు స్థిమితంగా పట్టుకోండి.”

ఒక ఆదివారం ఆమెన్ వంతు వచ్చింది. “అది హెబ్రీ మాటండీ. కదలనిది అని. గట్టి గోడకు మేకు దిగేసినట్టన్నమాట. నాసి గోడకు కొట్టకండి” అన్నారు. ప్రార్థనలో ఎవరు ఏ వాక్యం ఆపినా ఆమెన్ అనేయడం అప్పటిదాకా మా అలవాటు. టీచరుగారి మాట మావాళ్ళు మనసుకు పట్టించుకున్నారు. మరుసటి వారం సంఘపెద్దగారు, “ప్రభువా, నీ దాసుడు కోపమన్నది ఎరుగడు” అని ఆగారు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. “ఈమధ్య ఎరుగడు” అన్నారు. అదే చప్పుడు. “నిన్నటినుంచి” అనేసరికి వెనకనుంచి రెండు ఆమెన్లు వచ్చాయి.

ఆ పై వారం నా వంతు. మా సంఘంలో పిల్లలకు బోధించాలంటే ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి, సంఘమంతా ఆమెన్ అనాలి. లేకపోతే లేదు. ఇంటరు అయిన ఆ ఏడు నాకు అంతకంటే పెద్ద కోరిక లేదు.

“నేను రోజూ నాలుగింటికే లేచి ప్రార్థిస్తాను” అని మొదలుపెట్టాను. ఎవరూ పలకలేదు. టీచరుగారు తన బైబిలులోకి చూస్తున్నారు. ఆడవాళ్ళ వైపునుంచి మా అమ్మ, మందిరంలో ఊరుకోలేక, “ఏడింటికి మొహాన నీళ్ళు చల్లితే గాని లేవదండీ” అంది. అందరూ నవ్వారు. ఇక ఈ జన్మకు బోధన లేదనుకున్నాను.

“మళ్ళీ చెప్పమ్మా” అన్నారు టీచరుగారు. “ఈసారి గోడ చూసుకుని.”

“ఏడింటికి లేస్తానండి. ప్రార్థనలో కునుకు తీస్తాను. కానీ యేసయ్య పడవలో నిద్రపోయిన కథ మా వీధి పిల్లలకు చెబుతుంటే మాత్రం నాకు నిద్ర రాదండి.”

మొదటి ఆమెన్ టీచరుగారిదే. తరువాత సంఘమంతా అంది. అందరికంటే గట్టిగా సంఘపెద్దగారు.

టీచరుగారు ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఏలూరులో మా మందిరంలో ఆమెన్ అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా అంటాను. పక్కవాళ్ళు చెవుడేమో అనుకుంటారు. ఆ క్షణంలో దేవుని ఎదుట నా గోడ ఒకసారి తట్టి చూసుకుంటాను. కొన్ని ఆదివారాలు అనకుండానే ఇంటికి వచ్చేస్తాను.