మా గేటుకు తాళం పడిన ఏడాది

అమెరికాలో ఎవడో ఆడపిల్లలను చంపుతున్నాడన్న వార్త తార్నాకలోని మా ఇంటికి మొదట తెచ్చింది సుగుణక్క. ఇప్పటికీ వానకు తడిసిన ఇనుము వాసన తగిలితే చాలు, మా పాత గేటు గొళ్లెం, దాన్ని పట్టుకొని అక్క కోసం ఎదురుచూసిన సాయంత్రాలు గుర్తుకొచ్చి నా కాళ్లు ఒకచోట నిలవవు.

సుగుణక్క మా మేడ మీది గదిలో అద్దెకుండేది. యూనివర్సిటీలో పెద్ద చదువు చదువుతూ, అక్కడి లైబ్రరీకి వచ్చే అమెరికా పేపర్లు తిరగేసి, పొద్దుగూకే వేళకు మా అరుగు మీద కూర్చొని, అమ్మ గిన్నె అడుగున వత్తి కాల్చిన సర్వపిండి వేడివేడిగా తుంచుకుంటూ, ఆ ముచ్చట్లన్నీ కథల్లా చెప్పేది. అరవయ్యో దశకం చివరి రోజులవి. ఒకనాడు ఈ కథ చెప్పింది. అక్కడా మన తార్నాక లాంటిదే ఒక చోటు, పక్కన యూనివర్సిటీ, చుట్టూ చెట్లు. కాలేజీ నుంచి ఇంటికి పోయే ఆడపిల్లలు ఒక్కొక్కరే మాయమై ఊరి బయట శవాలై దొరుకుతున్నారు. వాడెవడో తెలియదు, మర్యాదగా మాట్లాడి కారెక్కించుకుంటాడట.

మమ్మల్ని కాస్త భయపెడదామనే అక్క చెప్పింది. మా నాయనమ్మ మాత్రం ఆ మాటను గట్టిగానే పట్టుకుంది. మరునాడు నేను జడలు వేసుకొని బడికి బయలుదేరితే గేటుకు తాళం, తాళంచెవి నాయనమ్మ కొంగున.

"వాడు దొరికేదాక ఈ పిల్ల గేటు దాటది."

"సముద్రాల అవతల ఉన్నడు నాయనమ్మా వాడు. గీడికెట్ల వస్తడు?" అంది అక్క.

"నీ ముచ్చట సముద్రం దాటి రాలే? వాడూ గట్లనే వస్తడు."

తల్లి మాటకు ఎన్నడూ ఎదురు చెప్పని మా బాపు తల వంచుకొని సైకిల్ తీసుకొని పనికి పోయాడు.

ఆ నెలలు నేను బావికీ గేటుకూ మధ్య తిరుగుతూనే గడిపాను. యూనివర్సిటీ రాతిగుండ్ల సందుల్లో సీతాఫలాలు కన్ను విప్పుతుంటే తోటి పిల్లలు ఒళ్లో నింపుకొచ్చి గేటు కమ్మీల్లోంచి నాకు రెండు అందించి, కచ్చకాయలు ఆడడానికి పరుగెత్తేవాళ్లు. మల్కాజ్‌గిరి వైపు నుంచి రైలు కూత వినిపిస్తే, ఆ రైల్లో కూడా ఆడపిల్లలు పోతున్నారు కదా అనిపించేది. వాడకట్టంతా బయట బతుకమ్మ ఆడుతుంటే, నాయనమ్మ నా కోసం తంగేడు, గునుగు పేర్చి వాకిట్లోనే చిన్న బతుకమ్మను నిలిపింది. అమ్మా నేనూ దాని చుట్టూ తిరిగాం. నా చెవులు మాత్రం గోడ అవతలే.

"నా నోరే నీకు తాళమేసిందే పిల్లా," అని అక్క రోజూ సాయంత్రం నాకు చదువు చెప్పసాగింది. ఆమె మలుపు తిరగ్గానే గేటు దగ్గరి నుంచే నేను అరిచేదాన్ని: "దొరికిండా?"

"లేదే. ఇంకో పిల్ల పోయిందట."

దేవుడి గూట్లో దీపం పెట్టి, వాడు దొరకాలి, ఇంకెవ్వరూ పోవద్దు, మా తాళం తియ్యాలి అని మొక్కేదాన్ని.

చలికాలం ముదిరాక ఒకనాడు అక్క గేటు బయటి నుంచే కేకేసింది: "దొరికిండు!"

పట్టిచ్చింది వాడి సొంత అక్కట. తల్లి లేని తమ్ముణ్ని సాకి పెద్దచేసిన మనిషి. వాడి బట్టలు ఉతుకుతుంటే కోటు జేబులో ఒక చెవి కమ్మ దొరికిందట. చనిపోయిన పిల్లదని పేపర్లో చూసిన గుర్తు. తానే పోలీసులను పిలిచి, వాళ్లు వచ్చేదాకా తమ్ముడికి అన్నం పెట్టి ఎదురుగా కూర్చుందట.

"ఒడిల పెంచినోన్ని ఉరికి ఇస్తదా? గదేం అక్క!" అంది అమ్మ.

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ తీస్తూ నాయనమ్మ చేతులు ఆపింది. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. తెల్లవారి తానే తాళం తీసింది.

"ఇంకొకడు లేడని కాదు బిడ్డా. ఆడివిల్లలు తొవ్వల నడువాలెనని ఆమె తోడబుట్టినోన్నే ఇచ్చుకున్నది. నేను నిన్ను కట్టేసుకొని కూసుంటే ఆమె కడుపు కాల్చుకున్నదానికి ఏం ఫాయిద? పో."

అప్పటికి ఆ ఏటి బడి చెయ్యిదాటిపోయింది. చిన్నపిల్లలతో అదే తరగతిలో కూర్చోబుద్ధి కాక బడికి మళ్లీ పోలేదు, చదువంతా ఇంట్లో అక్క దగ్గరే. కానీ రోజూ ఆ గేటు దాటి, అక్క చెయ్యి పట్టుకొని, కాలేజీ మెట్ల దాకా, లైబ్రరీ దాకా నడిచాను. నాకు వచ్చిన నాలుగు అక్షరాలు ఆ నడకవే.

ఇప్పుడు ఆ గుండ్లను పగలగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టారు, సీతాఫలం చెట్లు లేవు, నాయనమ్మా లేదు, సుగుణక్కా లేదు. మా వీధి మీద మెట్రో నీడ పడుతుంది. ఇల్లు కూలగొట్టేటప్పుడు గొళ్లెం ఒక్కటే అడిగి తెచ్చుకున్నాను, దేవుడి అరలో ఉంది. సాయంత్రం దీపం పెట్టి మా వాళ్లందరి పేర్లూ అనుకున్నాక, పేరు తెలియని ఆ అమెరికా అక్కకూ దండం పెడతాను. పేపరు ఆమె పేరు వేయలేదట. మీ ఇంటి ఆడపిల్ల చెప్పులేసుకొని బయటికి నడిచినప్పుడు, మీరూ ఆమెను ఒక్కసారి తలుచుకోండి.