మా వారి నాడిలో ఎదురొచ్చిన అల

ఆ ఆదివారం తాడేపల్లిగూడెం చర్చిలో మా వారు పాట ఎత్తుకుని, రెండో చరణంలో ఆగిపోయారు. ఆయన మిషన్ బడిలో మాస్టారు, గొంతు పెద్దది. పాట మధ్యలో ఆపడం నేనెన్నడూ చూడలేదు. ఇంటికొచ్చాక, "చెవిలో గుండె కొట్టుకుంటోందే" అన్నారు. తలనొప్పి కొన్నాళ్ళుగా ఉందట. నాతో అనలేదు.

మర్నాడే రైలెక్కి ఏలూరు ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరుగారు చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, పాదరసం ఎక్కిన ఎత్తు చూసి, మళ్ళీ ఒకసారి చూశారు.

"బ్లడ్ ప్రెషర్ బాగా ఎక్కువుందండీ."

తర్వాత మణికట్టు మీద చిన్న యంత్రం కట్టారు. పొగ పట్టించిన కాగితం మీద దాని ముల్లు పల్స్‌ని గీసింది. గీత పైకెక్కి, దిగబోతూ మళ్ళీ ఉబ్బుతోంది.

"ఈ రెండో ఉబ్బు ఏమిటండీ?" మాస్టారి బుద్ధి, ఊరుకోరు.

"గుండె తోసిన అల ముందుకెళ్ళి తిరిగొస్తోందండీ."

"ఎక్కడ తగిలి?"

"ఒక్కచోట అని చెప్పలేం. ఆర్టరీ, అంటే గుండెనుంచి రక్తం తీసుకెళ్ళే నాళం, కొమ్మలుగా చీలినచోట కొంత, సన్నబడ్డచోట కొంత. అందరికీ వస్తుంది. మీ ఆర్టరీలు బిరుసెక్కాయి గనుక తొందరగా వస్తోంది. గుండె ఇంకా తోస్తూండగానే ఎదురు తగులుతోంది."

"ప్రమాదమాండీ?" అన్నాను నేను.

"గుండె అలిసిపోతుందమ్మా. చుట్ట మానాలి, ఉప్పు మానాలి, విశ్రాంతి కావాలి."

బడికి సెలవు పెట్టి, కొల్లేటి లంకలో ఉన్న అత్తగారింటికి వెళ్ళాం. పడవలో ఆయన నీళ్ళవంకే చూస్తూ కూర్చున్నారు. మా పడవ లేపిన అల గట్టుకి తగిలి కొంత, నీళ్ళలోని కిక్కిసగడ్డి పొదలకి తగిలి కొంత వెనక్కి వస్తోంది. "చూడు, డాక్టరుగారు చెప్పింది ఇదే!" అని సంబరపడ్డారు, జబ్బు తనది కానట్టు. నవ్వాను గానీ కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

అత్తగారు ఆయనకి వేరే చిన్న కుండలో చప్పిడి కూర వండేవారు. మేమంతా చేపల పులుసు కలుపుకుంటుంటే ఆయన తలొంచుకుని తినేవారు. ఉండి అనే ఊళ్ళో చుట్టాల పెళ్ళికి వెళ్ళినప్పుడు, ఎండురొయ్యలు వేసిన వంకాయ కూర చూసి ఇక ఆగలేకపోయారు. పెళ్ళివారింట ఉన్నన్నాళ్ళూ అదే వరస. ఎంత చెప్పినా వినలేదు. తిరుగుదారిలో ముక్కువెంట రక్తం మొదలైంది. నా కొంగు తడిసిపోయినా ఆగలేదు. ముక్కు నొక్కిపట్టుకునే ఏలూరు చేర్చాను.

డాక్టరుగారు గుడ్డ కుక్కి రక్తం ఆపారు. "ముక్కులో చిట్లింది కాబట్టి సరిపోయింది మాస్టారూ. ఇదే తలలో అయితే..."

డాక్టరుగారు వెళ్ళాక మా వారు మెల్లిగా, "అందరి మధ్యా ఒక్కణ్ణే ఆ చప్పిడి తినలేకపోయానే" అన్నారు.

లంకకి తిరిగొచ్చి ఆ మాట అత్తగారికి చెప్పాను. ఆ పూట నుంచి ఇంట్లో ఒక్క కుండే పొయ్యెక్కింది.

"నీకెందుకే అమ్మా ఈ తిండి?" అన్నారు మా వారు, తల్లి పళ్ళెం చూసి.

"నీకు పాలిచ్చిన రోజుల్లో నీకోసం పథ్యం తినలేదట్రా? ఇదీ అంతే. తిను."

ఇప్పుడు పాదరసం మామూలుకి రాలేదు గానీ బాగా దిగింది. తాడేపల్లిగూడెం తిరిగొచ్చేశాం, ఆయన ఒంటిపూట బడికి వెళ్తున్నారు. సాయంత్రాలు కాలవగట్టున ఇద్దరం నెమ్మదిగా నడుస్తాం. తల దిమ్ముగా ఉంటే దాచకుండా చెబుతున్నారు.

మీ ఇంట్లో ఎవరికైనా ప్రెషర్ ఉందంటే, వారికి వేరే కుండ పెట్టకండి. ఉప్పు బదులు నిమ్మరసం, మిరియాలు దిట్టంగా వేసి అందరికీ ఒకే కూర వండండి. ఉప్పు లేనిదే ముద్ద దిగనివారు ఆ జబ్బుమనిషి కళ్ళబడకుండా తినండి.