డబ్బాల మూతలు తీసే మనిషి

గురుప్రసాద్ గారికి ఒకటే జబ్బు. ఎవరింటికి వెళ్ళినా హాల్లో కూర్చోరు, తిన్నగా వంటింట్లోకి నడిచి డబ్బాల మూతలు తీసి చూస్తారు. ఆయన దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలోని విల్లా ఖాళీ చేసి, ఊరవతల అల్ వక్రా వెళ్ళిపోయి ఏడాది కావస్తోంది. అయినా ఈరోజుకీ బెల్ మోగితే ఆ విల్లాలో కింది పోర్షన్‌లో ఉండే ప్రతిమ ముందు వంటింటి తలుపు దగ్గరికి వేసి, ఆ తర్వాతే వీధి తలుపు తీస్తుంది. వచ్చింది ఆయన కాదని తెలిశాక కాస్త బెంగగానే ఉంటుంది.

పాపం, అది వృత్తి అంటించిన జబ్బు. పడుచుతనమంతా ఆయన కిర్గిజ్‌స్తాన్‌లో గడిపారు. సోవియట్ యూనియన్ కూలి, ఫ్యాక్టరీలు మూతపడి, జీతాలు ఆగిపోయిన ఊళ్ళలో జనం ఎలా బతికారన్నది ఆయన పరిశోధన. ప్రభుత్వం లెక్కలు అబద్ధమాడతాయి గానీ వంటిల్లు అబద్ధం చెప్పదనేవారు. అక్కడి ముసలమ్మలు చలికాలానికని సీసాల్లో పెట్టుకున్న దోసకాయ ఊరగాయ చూసి ఆ ఇంటి సంగతంతా చెప్పేసేవారట. అలాంటాయన్ని దోహాలో ఓ పరిశోధన సంస్థవాళ్ళు ఏసీ గదిలో కూర్చోబెడితే చేతులు ఊరుకుంటాయా? విల్లాలోని పోర్షన్ల మీద పడ్డారు.

ప్రతిమ ఆవకాయ జాడీ వాసన చూసి, ఈసారిది అత్తగారిది కాదు, అమ్మగారి చెయ్యి అని తేల్చారు. నిజమే. పై పోర్షన్ కనీజ్ ఫ్రిజ్ తెరిచి, విడివిడి గిన్నెల్లో రెండు కూరలు చూసి, ఆ ఇంట్లో ఆలుమగలకు మాటల్లేవని కనిపెట్టారు. కనీజ్‌ది కరీంనగర్, ఊరుకుంటుందా?

"ఏం సారూ, మా ఇంటికి రీసెర్చికి వచ్చినవా, దొంగతనానికి వచ్చినవా?"

"రెండింటికీ పద్ధతి ఒకటేనమ్మా," అన్నారాయన ఇంకో మూత తీస్తూ. ఆపైన కూర్చుని కిర్గిజ్ కొండల కబుర్లు మొదలుపెడితే ఆయన్ని లేపడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

అలాంటి మనిషి, సిద్ధార్థ్ ఉద్యోగం పోయిన రోజుల్లో ఓనాడు ప్రతిమ వంటింట్లో ఊడిపడ్డారు. సిద్ధార్థ్ ప్రతిమ భర్త. అతని కంపెనీ మూతపడింది, కొత్తచోట మాట నడుస్తోంది గానీ ఖాయం కాలేదు. ఈ సంగతి ఎవరికీ తెలియకూడదని భార్యాభర్తలు ఒట్టేసుకున్నారు. విల్లాలో తెలిస్తే కాకినాడలో తెలిసినట్టే, అక్కడ పెద్దవాళ్ళు మంచమెక్కుతారు. అందుకని సిద్ధార్థ్ రోజూ టై కట్టుకుని బయల్దేరి, మెట్రోలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగి ఇంటికొచ్చేవాడు.

ప్రతిమ అడ్డుపడేలోపే గురుప్రసాద్ గారు బియ్యం డబ్బా మూత తీశారు. తర్వాత కందిపప్పు డబ్బా. అడుగున గీరితే వచ్చేంత కూడా లేదు. మూతలు మెల్లిగా పెట్టేసి, పనుంది తల్లీ అంటూ వెళ్ళిపోయారు. అయిపోయింది, ఇక విల్లా అంతా టముకే అనుకుని ప్రతిమ ఆ పూట ఏడ్చింది.

మర్నాడు ఆయన రేకు ట్రేలు మోసుకుంటూ దిగారు. పుస్తకం రాస్తున్నారట. జీతాలు ఆగిన రోజుల్లో అక్కడివాళ్ళు తిన్న తిండి రుచి తనకు సరిగ్గా గుర్తుందో లేదో తేలాలట. అందుకు నాలుగు పోర్షన్లవాళ్ళూ రోజూ తిని అభిప్రాయం చెప్పాలట. క్యాబేజీ సూపు, బంగాళాదుంప కుడుములు, గుండ్రటి రొట్టెలు, పోల్చి చూడడానికని పప్పన్నం కూడా. పొరుగింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, ఏం వేసివ్వాలిరా దేవుడా అని ప్రతిమ గాభరాపడింది. తీరా చూస్తే, వాడి పారేసే రేకు ట్రేలకు ఆ బెడదే లేదు.

విల్లా అల్లాడిపోయింది. కనీజ్ వచ్చి ప్రతిమ దగ్గర మొత్తుకుంది.

"ఆ క్యాబేజి నీళ్ళు తాగినంక మా ఆయన నాతోని మంచిగ మాట్లాడవట్టిండు. నా వంటనే నయమంట. అసలు సారుకు ఈ పిచ్చి ఎప్పుడు పట్టుకున్నది?"

ఎప్పుడు పట్టుకుందో ప్రతిమకు అప్పుడు తట్టింది. ఒక్క ఇంటికే పెడితే జనం కారణం వెతుకుతారని, అన్ని ఇళ్ళకూ పెడుతున్నారు మహానుభావుడు. కనీజ్ ముందు కళ్ళు తుడుచుకోలేక ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది.

కొత్త ఉద్యోగంలో సిద్ధార్థ్‌కు మొదటి జీతం వచ్చిన రోజు ఆమె గురుప్రసాద్ గారి వంటింటికే వెళ్ళింది.

"బాబాయి గారూ, మా డబ్బాలు నిండాయండీ. ఇక మీరు ఆ వంట ఆపేయొచ్చు."

"భలేదానివే. మీ ఆయన కొత్త ఉద్యోగంలో చేరాడని అందరికీ తెలిసిన నెలలోనే నేను ఆపేస్తే, ఇన్నాళ్ళూ ఎవరికోసం వండానో తెలిసిపోదూ?" అంటూ ఆయన ఇంకో క్యాబేజీ అందుకున్నారు. "ఇంకో నెల భరించండమ్మా, అందరూ."