కువైట్ నుంచి వచ్చిన జోలపాట

నేను రాసిన మొట్టమొదటి జోలపాట విని, ఉయ్యాల్లో బిడ్డ లేచి కూర్చుంది. నవ్వండి, మొహమాటపడకండి. ఎనిమిదేళ్ళుగా ఐనవిల్లి మండలమంతా నవ్వుతూనే ఉంది.

మా ముక్తేశ్వరం చర్చిలో ఏటా సంగీత నాటకం వేస్తారు. పాటలు ఎప్పుడూ మగవాళ్ళే రాసేవారు. ఆ ఏడు నేను రాస్తానని పట్టుబట్టాను. కమిటీ పెద్ద ప్రకాశరావుగారు ఒప్పుకుంటూనే మెలిక పెట్టారు.

"ఈ ఒక్కసారికి చూస్తామండి. తేడా వచ్చిందంటే ఇంక ఆడవాళ్ళెవరికీ ఇచ్చేది లేదండి."

అంటే పుట్టబోయే కవయిత్రులందరి పరువూ నా నెత్తిమీదే!

బాణీలు దానయ్య మాస్టారివి. ఆయన ఉద్యోగం కువైట్‌లో. వాట్సాప్‌లో "తానన తానా" అని పాడి పంపితే నేను మాటలు కూర్చాలి. సరిగ్గా నాటకం రోజుకి ఆయన దిగి హార్మోనియం వాయిస్తారు. జోలపాట బాణీ విన్నాను. హాయిగా సాగుతూ సాగుతూ, ఉన్నట్టుండి "హిక్!" అని ఒక కుదుపు. ప్రతి చరణంలోనూ అంతే.

పాడాల్సిన సుగుణక్కకి అనుమానం వచ్చింది. "ఇదేంటమ్మా, ఇలా ఎగిరిపడుతుంది?"

"అరబ్బీ శైలి అక్కా! మాస్టారు అక్కడ పట్టేసి ఉంటారు."

"ఆయ్, అలాగా!"

మాస్టారినే అడగొచ్చు కదా అంటారా? అడిగితే నాకు సంగీతం రాదని తెలిసిపోదూ! అందుకని ప్రతి కుదుపుకీ ఒక మాట అతికించాను: "లాలి నా కన్నా, హేయ్! నిద్దరపో చిన్నా, హోయ్!" ఆ మాట దగ్గర ఉయ్యాల గట్టిగా లాగమని సుగుణక్కకి నేర్పాను కూడా.

నాటకం రోజు స్టేజీ మీద ఉయ్యాల్లో ప్రకాశరావుగారి మనవరాలు, పది నెలల పిల్ల. మొదటి హేయ్‌కి కళ్ళు తెరిచింది. హోయ్‌కి లేచి కూర్చుంది. మరో హేయ్‌కి కిలకిలా నవ్వుతూ చప్పట్లు కొట్టింది. హార్మోనియం ఆగిపోయింది.

"ఏమండీ, జోలపాటలో ఈ కేకలేంటండీ?" అన్నారు మాస్టారు, పక్కనే నిలబడ్డ నాతో.

"మీ బాణీలోనివే కదండీ!" అని ఫోన్ వినిపించాను.

"అయ్యబాబోయ్, అవి వెక్కిళ్ళండీ! మిరపకాయ బజ్జీలు తిని పాడేనండీ!"

హార్మోనియం ముందు మైకుందని ఇద్దరం మరిచిపోయాం. మైదానమంతా గొల్లుమంది. "వన్స్ మోర్!" అని అరుపులు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ప్రకాశరావుగారు కళ్ళు తుడుచుకుంటూ స్టేజీ ఎక్కేసరికి, అయిపోయింది, ఆడవాళ్ళ పాటలకి ఇదే ఆఖరనుకున్నాను.

"వచ్చే ఏడూ మీరే రాయాలండి," అన్నారాయన.

"పాట అంత నచ్చిందాండీ?"

"పాటెవరు విన్నారండీ! మా పిల్ల చప్పట్లు కొట్టడం ఇదే మొదలండీ!"

ఆ తర్వాత చాలా నాటకాలకి రాశాను. ఇప్పుడు మా చర్చిలో మరో ఇద్దరు ఆడపిల్లలు కూడా రాస్తున్నారు. వాళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: గ్లాసుడు మంచినీళ్ళు తాగి, పావుగంట కుదురుగా కూర్చున్న మాస్టారి బాణీకి తప్ప, ప్రాణం పోయినా అక్షరం రాయను.