బొంత మీద మధ్యధరా సముద్రం

గోల్ఫ్ అంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. వారమంతా ఆఫీసుకి ధారపోసి, మిగిలిన ఒక్క ఆదివారం పొద్దున్నే సంచీ భుజాన తగిలించుకుని తెల్ల బంతి వెంట తిరిగే మనిషిని కట్టుకున్న ఏ ఆడదానికైనా అంతే. మా ఆయన డెట్రాయిట్‌లో ఒక కార్ల కంపెనీలో ఇంజనీరు. డెబ్భైల చివర్లో ఆయన బాసు ఒకసారి ఆటకి రమ్మంటే మర్యాద కోసం వెళ్లారు. ఆ బాసు రెండేళ్లకే వేరే ఊరు వెళ్లిపోయాడు. ఈయనకి మాత్రం ఆ పిచ్చి ఉండిపోయింది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు కొనేటప్పుడు నేను వంటగది చూస్తుంటే, ఆయన ఏజెంటుని పబ్లిక్ గోల్ఫ్ కోర్సు ఎన్ని మైళ్లని అడిగారు. మూడు మైళ్లు. ఆ ఇల్లే కొన్నాం.

పోనీ అంత బాగా ఆడేవారా అంటే అదీ లేదు. బంతిని పద్దెనిమిది గుంటల్లో వేసేసరికి ఎన్ని దెబ్బలు పడితే అంత స్కోరు. ఎంత తక్కువైతే అంత గొప్ప. మామూలు వాళ్లకి వంద లోపు ముగించడమే ఘనకార్యమట. మా ఆయన ఐదేళ్లలో ఒక్కసారి కూడా వంద లోపు ముగించలేదు. లెక్క మాత్రం ఎవరూ పెట్టనంత పద్ధతిగా పెట్టేవారు. చిన్నప్పుడు అక్కలతో వామనగుంటలు ఆడిన మనిషి కదా, చింతగింజలు కావాలి. పులుసు కోసం నానేసిన చింతపండులోంచి నేను తీసి పారేసే గింజల్ని కడిగి, ఆరబెట్టి, సరిగ్గా వంద ఏరి ఎడమ జేబులో పోసుకునేవారు. దెబ్బకొక గింజ ఎడమ జేబులోంచి కుడి జేబులోకి. ఆట ముగిసేసరికి ఎడమ జేబులో ఒక్క గింజ మిగిలినా వంద లోపు వచ్చినట్టే. ఎప్పుడూ మిగల్లేదు. ఆదివారం సాయంత్రం ఆ ప్యాంటు నేను చూసుకోకుండా వాషింగ్ మెషిన్లో వేస్తే ఇల్లంతా గలగలమనేది. అందుకు కూడా తిట్టాను.

ఎనభైల మొదట్లో, ఒక అక్టోబరు నెలలో, పెరట్లో రాలిన ఆకులు ఊడుస్తూ ఆయన కూలబడిపోయారు. గుండెపోటు. అప్పటికి ఆయనకి యాభై ఒకటి. రెండు వారాల తర్వాత ఇంటికొచ్చిన మనిషి చొక్కాలో సగమే ఉన్నాడు. అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి వారం ఉండి వెళ్లిపోయింది. ఆఫీసులో సెలవిచ్చారు. తిరిగి వెళ్లేసరికి ఉద్యోగం ఉంటుందో ఉండదో ఎవరూ చెప్పలేదు. ఆ ఏడు మా వీధిలోనే ముగ్గురికి లేదు. నవంబరులో మంచు మొదలైంది. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఆ తెల్లటి పెరడు చూస్తూ ఉండేవారు. నేను నలభై ఆరేళ్ల వయసులో కారు నడపడం నేర్చుకుని, మంచులో ఆయన్ని చెకప్పులకి తీసుకెళ్లేదాన్ని. స్టీరింగ్ పట్టుకున్నంతసేపూ నాకు అరచేతులు తడిసిపోయేవి. ఆయన ఏమీ అనేవారు కాదు. ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ భయంగా ఉండేది.

అలాంటి రోజుల్లో మాకు బాగా కావలసిన డాక్టరుగారు ఒకరు చూడటానికి వచ్చారు. మా ఆయనా ఆయనా ఒరే అంటే ఒరే అనుకునేవారు. నన్ను చెల్లెమ్మా అనేవారు. అంతకుముందు వేసవిలో డాక్టరుగారు స్పెయిన్ వెళ్లి, దక్షిణాన మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న ఐదు గోల్ఫ్ కోర్సుల్లో ఆడి వచ్చారు. అక్కడి పుస్తకం ఒకటి, ఒక్కో కోర్సువీ ఖాళీ స్కోరు కార్డులు ఓ కట్టా తెచ్చి మా ఆయన ఒళ్లో పెట్టారు.

"ఇదిగో చూడరా, మార్చిలోనే అక్కడ స్వెటర్ అక్కర్లేదు. ఏప్రిల్లో మీరిద్దరూ వెళ్లి రండి. నేను బుక్ చేయిస్తాను" అన్నారు.

ఆలివ్ చెట్ల మధ్య కొండవాలు మీద ఒక కోర్సు. తెల్లసున్నం వేసిన ఇళ్ల కింద ఒకటి. ఏటి ముఖద్వారం దగ్గర ఒకటి. ఐదోదానిలో చివరి మూడు గుంటలూ సముద్రం పక్కనే. ప్రతి గుంటకీ ఒక పటం, దూరాలు, ఇసుక గోతులు ఎక్కడున్నాయో గుర్తులు. రెండు నెలల్లో మొదటిసారి మా ఆయన మొహంలో ఏదో కదిలింది. డాక్టరుగారు కాఫీకి వంటింట్లోకి వచ్చినప్పుడు మెల్లగా అడిగాను.

"అన్నయ్యగారూ, ఈయన అంత దూరం వెళ్లొచ్చా?"

"కార్డియాలజిస్ట్ ఓకే అంటే వెళ్లొచ్చమ్మా. గుండె ఇక్కడున్నా అదే, అక్కడున్నా అదే కదా."

ఆయన ధైర్యం చెప్పడానికే అన్నారు. నాకు మాత్రం అది వేరేగా తగిలింది. ఆ భాష రాని ఊళ్లో, ఏదో హోటల్ గదిలో ఈయన మళ్లీ కూలబడితే నేను ఎవర్ని పిలవాలి, ఏమని పిలవాలి, తర్వాత ఒక్కదాన్నే విమానం ఎలా ఎక్కాలి. ఆ రోజు నుంచి నాకు అదే చిత్రం. జనవరిలో కార్డియాలజిస్ట్ కూడా జాగ్రత్తగా వెళ్లి రావచ్చనే అన్నాడు. వద్దండీ, నాకు భయంగా ఉంది అని ఒక్క మాట అనొచ్చు. కిటికీ దగ్గర కుర్చీలోంచి లేచి తిరుగుతున్న మనిషితో ఆ మాట అనడానికి నోరు రాలేదు.

ఆయనే ఒక షరతు పెట్టుకున్నారు. "వంద దాటేవాడు అంత దూరం వెళ్లి వాళ్ల పచ్చిక పాడు చెయ్యకూడదోయ్. ముందు ఇక్కడ ప్రాక్టీస్. ఈ ఐదిట్లో ఏ ఒక్కదాన్లో వంద లోపు వచ్చినా టికెట్లు బుక్ చేసేద్దాం" అన్నారు.

ఇక్కడంటే మా బేస్‌మెంట్లో. అక్కడ బట్టలారేసుకునే తాడు మీద మా అత్తగారు కుట్టిన బొంత వేలాడదీశారు. పాత చీరల ముక్కలతో కుట్టింది. బోలు ప్లాస్టిక్ బంతిని సగం చెయ్యి ఊపుతో మెల్లగా కొడితే అది వెళ్లి ఏ ముక్కకి తగిలిందో దాన్ని బట్టి లెక్క. ఆకుపచ్చ ముక్కలు మంచి పచ్చిక. పసుపు ముక్కలు ఇసుక. నీలం చీర ముక్కలు మధ్యధరా సముద్రం. అందులో పడితే ఒక దెబ్బ జరిమానా, మళ్లీ కొట్టాలి. పటం ప్రకారం గుంట దగ్గరికి చేరాక కార్పెట్ మీద బంతిని దొర్లించి, అడ్డంగా పడుకోబెట్టిన స్టీలు గ్లాసులోకి పంపాలి. అలసట రాకుండా తొమ్మిది గుంటలు ఒక మధ్యాహ్నం, మిగతా తొమ్మిది మర్నాడు. అక్కడ చలి. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పక్కన మేకుకి ఒక ముదురు గోధుమరంగు స్వెటర్ తగిలించి ఉండేది. దిగగానే అది వేసుకుని, ఎక్కేటప్పుడు తీసేసేవారు.

స్కోరు రాయడం నా పని. మెట్ల మీద కూర్చోబెట్టి మరీ పాఠం చెప్పారు.

"ఆడేవాడి కార్డు పక్కవాడు రాయాలి. చివర్లో ఆడినవాడు చూసుకుని సంతకం పెట్టాలి."

"తప్పు రాస్తేనో?"

"ఉన్నదానికంటే తక్కువ రాసినదాని మీద సంతకం పెడితే ఆటలోంచి తీసేస్తారు. ఎక్కువ రాసినదాని మీద పెడితే తియ్యరు. ఆ ఎక్కువే వాడి స్కోరు. ఇంక మార్చడానికి లేదు."

"ఎక్కువ రాసినదానికి సంతకం పెట్టే వెర్రివాడెవడండీ" అన్నాను. ఆయన చాలా రోజుల తర్వాత నవ్వారు.

మొదట్లో నేను చెయ్యాల్సిందేమీ లేకపోయింది. కొండవాలు కోర్సులో నూట పద్దెనిమిది. తెల్ల ఇళ్ల కోర్సులో నూట పదకొండు. సముద్రం ఆయన్ని వదిలేది కాదు. బంతి నీలం ముక్కకి తగిలినప్పుడల్లా, తగల్లేదని నేను బుకాయించినా ఒప్పుకోకుండా, "పడిందోయ్, రెండు రాయి" అనేవారు. ఎవరూ చూడని బేస్‌మెంట్లో, లేని సముద్రంలో పడిన బంతికి జరిమానా కట్టుకునే మనిషి. నాకు నవ్వొచ్చేది, నవ్వుతూనే రెండు రాసేదాన్ని. దెబ్బ దెబ్బకీ ఆయన చెయ్యి స్వెటర్ జేబులోకి వెళ్లి వచ్చేది. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయనుకున్నాను. ఆట మధ్యలో స్కోరు అడిగేవారు కాదు. జబ్బు తర్వాత చిన్న చిన్నవి మర్చిపోతూ ఉండేవారు కాబట్టి, లెక్క మొత్తం నా మీదే వదిలేశారనుకున్నాను.

ఫిబ్రవరి వచ్చేసరికి బాగా ఆడసాగారు. నూట ఆరు. నూట మూడు. మెట్లెక్కి వచ్చినప్పుడు ఆయాసం కూడా తగ్గింది. వేరే ఇల్లాలైతే దేవుడికి దణ్ణం పెట్టుకునేది. నేను గోడ మీద క్యాలెండరులో ఏప్రిల్ ఎన్ని వారాల్లో ఉందో చూసుకుంటూ ఉండేదాన్ని.

ఆ నెలాఖరులో ఐదో కోర్సు ఆడారు, సముద్రం పక్కది. మొదటి మధ్యాహ్నమే నాకు అర్థమైంది. నలభై ఎనిమిది. నేను కార్డు మీద యాభై రాశాను. రెండో గుంట దగ్గర ఒకటి, ఏడో గుంట దగ్గర ఒకటి కలిపాను. చెయ్యి వణకలేదు. వణికిందని రాస్తే బాగుంటుంది గానీ వణకలేదు. మర్నాడు ఆయన ఇంకా నెమ్మదిగా, ఇంకా బాగా ఆడారు. చివరి మూడు గుంటల్లో ఒక్క బంతీ నీలం ముక్కకి తగల్లేదు. చివరి బంతి స్టీలు గ్లాసులో టంగుమని పడింది. ఆ రోజు నలభై తొమ్మిది. నేను యాభై రెండు రాశాను.

"ఎంతోయ్?" అన్నారు. గోల్ఫ్ కర్రకి ఆనుకుని నిలబడి ఉన్నారు, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని.

"నూట రెండు."

ఫర్నేస్ ఆగి మళ్లీ మొదలైంది. "చూసే రాశావా?" అన్నారు.

"చూసే రాశాను."

ఎడమ చెయ్యి జేబులోంచి తియ్యకుండానే కుడిచేత్తో కార్డు అందుకుని, మెట్టు మీద పెట్టి సంతకం చేశారు. స్వెటర్ తీసి మేకుకి తగిలించారు. మెట్లెక్కుతూ, "ఈ ఏడాదికి వద్దులే. డాక్టరుగాడికి నువ్వే ఫోన్ చేసి చెప్పు" అన్నారు. పుస్తకం తీసుకెళ్లి ఫ్రిజ్ మీద పెట్టారు. మళ్లీ బేస్‌మెంట్లోకి దిగలేదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నారు.

ఆ సాయంత్రం నాకు హాయిగా ఉంది. రాయడానికి సిగ్గుగా ఉన్నా ఉన్నమాట అది. పెసరట్లు పోశాను. ఇంకోటి వేసుకోమని బతిమాలాను. ఆయన వేసుకున్నారు కూడా.

ఏప్రిల్ వెళ్లిపోయింది. మే నెలలో మిషిగన్‌లో కూడా ఎండ కాస్తుంది. ఒక మంగళవారం నేను సరుకుల కోసం వెళ్లినప్పుడు ఆయన తన కారు తీసుకుని ఆ మూడు మైళ్ల దూరంలోని కోర్సుకి వెళ్లారు. ఆడటానికి కాదు, కర్రల సంచీ ఇంట్లోనే ఉంది. అక్కడ బెంచీ మీద కూర్చున్నారట. గడ్డి కోసే మనిషి, ఎండకి నిద్రపోయారనుకుని రెండుసార్లు పక్కనుంచే మెషిన్ నడుపుకుంటూ వెళ్లాడట. నేను ఇంటికొచ్చేసరికి ఫోన్ మోగుతూ ఉంది. తెలిసిన ఊరు, తెలిసిన భాష, మంచి ఎండ. అన్నీ ఉన్నాయి. నేను ఎక్కడో ఒంటరిదాన్నైపోతానని ఆ ప్రయాణం ఆపాను. చివరికి ఒంటరిగా పోయింది ఆయన.

జూలైలో బేస్‌మెంట్ సర్దడానికి దిగాను. బొంత తాడు మీద అలాగే ఉంది. అది మడిచి పెట్టి, ఆ స్వెటర్ ఎవరికైనా ఇచ్చేద్దామని మేకు మీంచి తీశాను. ఒక పక్కకి బరువుగా వాలింది. కుడి జేబులో చెయ్యి పెడితే చింతగింజలు. మెట్టు మీద కూర్చుని ఎడమ జేబు చూశాను. మూడు ఉన్నాయి. నమ్మలేక కుడి జేబులోవి ఒళ్లో పోసుకుని లెక్కపెట్టాను. తొంభై ఏడు.

ఆయనకి తెలుసు. ఆ మూడు గింజలూ వేళ్లకి తగులుతుండగానే నన్ను చూసే రాశావా అని అడిగారు. నేను చూసే రాశానన్నాను. ఎందుకు రాశానో కూడా ఆయనకి తెలిసి ఉంటుంది, నా అరచేతులు స్టీరింగ్ మీద తడవడం చూసిన మనిషి కదా. ఒక్క మాట అడిగి ఉంటే ఏడ్చి చెప్పేసేదాన్ని. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. నాకు భయమని నేను చెప్పలేదు. తెలుసని ఆయన చెప్పలేదు. ఆ తర్వాత ఆయన బతికిన మూడు నెలలూ ఇద్దరం మంచు గురించీ, ఉప్పు గురించీ, అమ్మాయి పరీక్షల గురించీ మాట్లాడుకున్నాం.

తర్వాత డాక్టరుగారు ఒకటి రెండుసార్లు తమతో ఆ తీరానికి రమ్మని పిలిచారు. నేను వెళ్లలేదు. ఆ కార్డు మాత్రం నా దగ్గరే ఉంది. పెన్సిలుతో నేను రాసిన నూట రెండు, కింద పెన్నుతో ఆయన సంతకం. రబ్బరు పెట్టి తుడిచి తొంభై ఏడు చేస్తే అడిగేవాళ్లు ఎవరూ లేరు. ఒకసారి రబ్బరు తెచ్చుకుని కూర్చున్నాను కూడా. కానీ సంతకం పెట్టేశారు కదా, ఇంక మార్చడానికి లేదు.